భయం చెప్పే మేడం

నా ఉద్యోగం పిల్లలకి లెక్కలు చెప్పడం. కాగితాల్లో అలాగే ఉంటుంది. నిజానికి ఇన్నేళ్లూ నేను ఎక్కువగా చెప్పింది భయం. మన తెలుగువాళ్లకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. పిల్లాడు అన్నం తినకపోయినా, ఫోన్ వదలకపోయినా, చెల్లెల్ని గిల్లినా తల్లి బడికొచ్చి టీచర్ని పక్కకి పిలిచి, "కాస్త భయం చెప్పండి మేడం" అంటుంది. మందుల షాపులో దగ్గుమందు అడిగినంత మామూలుగా అడుగుతుంది. మోతాదు మన ఇష్టం.

కువైట్‌లో ఒక ఇండియన్ స్కూల్లో చేరి పుష్కరం దాటింది. అంతకుముందు అమలాపురం దగ్గర ఒక కాన్వెంటులో చెప్పేదాన్ని. అక్కడ చెమటలు కక్కుతూ, ఇక్కడ ఏసీలో వణుకుతూ, అంతే తేడా. నేను అరిచే టీచర్ని కాను. అరిచేవాళ్ల గొంతు అర్ధ సంవత్సరం పరీక్షల నాటికే బొంగురుపోతుంది. నా పద్ధతి వేరు. మాట ఆపేస్తాను. కళ్లద్దాలు తీస్తాను. మెల్లిగా మడిచి బల్ల మీద పెడతాను. ఇక క్లాసులో ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. "అద్దాలు తీసిందిరా" అని పిల్లలు వరండాలో చెప్పుకోవడం నా చెవులతో విన్నాను. విని లోలోపల మురిసిపోయాను కూడా. పక్క క్లాసుల్లో అల్లరి చేసేవాళ్లని నా దగ్గరికే పంపేవాళ్లు, "ఒకసారి మీరు చూడండి" అని. నేను చూసేదాన్ని. చూడడం తప్ప ఇంకేం చెయ్యాల్సిన అవసరం ఉండేది కాదు.

ఇంట్లో కూడా భయం శాఖ నాదే. మా ఆయన దజీజ్‌లో ఒక గోడౌన్ ఆఫీసులో అకౌంట్లు చూస్తారు. ఐస్‌క్రీమ్ శాఖ ఆయనది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, మా బళ్లోనే. అది పుస్తకం ముందు కూర్చుని కునుకు తీస్తుంటే, "నువ్వు చెప్పు, నేను చెబితే నవ్వుతుంది" అంటారు రిమోట్ అందుకుంటూ. టీచర్ల పిల్లలు బడిలో తల్లిని అమ్మా అని పిలవరు, మేడం అంటారు. అలా పిలవమని ఎవరూ చెప్పలేదు, అదే అలవాటైపోయింది. మా అమ్మాయికి ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. సాంబారులో ఉప్పు తగ్గిందని చెప్పడానికి కూడా, "మేడం, ఉప్పు" అంటుంది. సరదాకే అంటుందని నవ్వేదాన్ని. ఒక్కోసారి నవ్వు వచ్చేది కాదు.

కిందటేడు చలికాలం సెలవులైపోయి బడి తెరిచాక ఒకరోజు ఎనిమిదో తరగతిలో ఎవరో వెనక బెంచీలో గుసగుసలాడారు. నేను మాట ఆపాను. అద్దాలు తీశాను, మడిచాను, బల్ల మీద పెట్టాను. క్లాసంతా చూపు నా మీదే. అప్పుడు నాకు ఎందుకు తీశానో గుర్తు రాలేదు. నిజంగా గుర్తు రాలేదు. ఎవరి మీద కోపం వచ్చిందో, అసలు వచ్చిందో లేదో కూడా తెలియలేదు. లోపల గ్యాసు అయిపోయిన పొయ్యిలాగా ఉంది. తిప్పుతున్నాను, అంటుకోవడం లేదు. ఎంతసేపు నిలబడ్డానో. తర్వాత చీర కొంగుతో అద్దాలు తుడుచుకుని పెట్టుకుని, సమీకరణాలు మొదటినుంచీ మళ్లీ చెప్పాను. పిల్లలు ఇంకా ఎక్కువ భయపడ్డారు. అదొక కొత్త పద్ధతి అనుకున్నారేమో.

ఆ తర్వాత నాకు చిన్న చిన్న పనులు కూడా బరువైపోయాయి. నోటుపుస్తకాల కట్ట విప్పాలంటే చేతులు వచ్చేవి కావు. ఫర్వానియాలో మా ఫ్లాటు కింద కారు ఆపి, మా అమ్మాయిని పైకి వెళ్లమని, నేను ఊరికే స్టీరింగ్ పట్టుకుని కూర్చునేదాన్ని. పైకి వెళ్తే మళ్లీ ఎవరో ఏదో అడుగుతారు. కారులో ఎవరూ ఏమీ అడగరు. డాక్టరు దగ్గరికి వెళ్తే రక్తం తీసి, అన్నీ బాగున్నాయి, విటమిన్ డి తక్కువ అన్నాడు. ఇంత ఎండ కాసే దేశంలో ఎండ తక్కువైందట నాకు. మా ఆయన నవ్వి, "నాలుగు రోజులు సెలవు పెట్టు" అన్నారు. సెలవు పెడితే నా పీరియడ్లు మిగతా టీచర్లకి పంచుతారు. వాళ్లకి ఉన్న ఒక్క ఖాళీ పీరియడ్ పోతుంది. నేను తిరిగొచ్చాక నా ఆరోగ్యం ఎలా ఉందని అందరూ నవ్వుతూ అడుగుతారు. ఆ నవ్వులు చూసే ఓపిక లేక సెలవు పెట్టలేదు.

ఫిబ్రవరి వచ్చింది. వచ్చే ఏడాది ఉంటారా, మానేస్తారా అని మా ప్రిన్సిపాల్ ఒక్కొక్కరినీ పిలిచి అడిగే నెల అది. ఏటా గుమ్మంలోనే ఉంటానని చెప్పి వచ్చేసేదాన్ని. ఈసారి ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి నా వంక చూసింది.

ఆ రోజుల్లో నాకు మిగిలిన సుఖం శుక్రవారం ఒక్కటే. శుక్రవారం మధ్యాహ్నం ఒంటరిగా మిర్కాబ్ బజారుకి వెళ్లేదాన్ని. కరివేపాకు, గోంగూర, బొంబాయి రవ్వ అన్నవి సాకులు. ఆ సందుల్లో సెలవు దొరికిన తెలుగువాళ్లు కనిపిస్తారు. కడప వైపు నుంచి ఇళ్లలో పనికి వచ్చిన ఆడవాళ్లు, మా గోదావరి వైపు నుంచి వచ్చిన డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు. మన భాష చెవిన పడుతుంటే టీ తాగుతూ గోడవార నిలబడడం నాకిష్టం. కానీ అక్కడా నా ఉద్యోగం నన్ను పట్టుకునేది. "ఏం చేస్తారండీ?" అని ఎవరైనా అడిగి, టీచర్నని నేను చెప్పానంటే అయిపోయినట్టే. మరుక్షణం ఫోన్ నా చేతిలో ఉంటుంది. అవతల రాయచోటిలోనో రాజోలులోనో ఎవరో పిల్లాడు. "మా వోడికి భయం చెప్పండి మేడం." పిల్లలు ఆ ఊళ్లో, తల్లులు ఈ దేశంలో. కాబట్టి భయం కూడా ఫోన్లోనే పంపాలి. ఫోన్లో అద్దాలు తీస్తే ఎవడికి కనపడుతుంది? అయినా తంటాలు పడి ఏదో గంభీరంగా చెప్పేదాన్ని.

చివరికి విసుగెత్తి అబద్ధం మొదలుపెట్టాను. ఎవరడిగినా దజీజ్‌లో గోడౌన్ ఆఫీసులో పని చేస్తానని చెప్పేదాన్ని. మా ఆయన ఉద్యోగం నేను చేసేశానన్నమాట. హాయిగా ఉండేది. గోడౌన్ క్లర్కుని ఎవరూ భయం చెప్పమని అడగరు.

ఒక శుక్రవారం ఇలాగే ఒకావిడకి గోడౌన్ కబుర్లు చెబుతుంటే వెనకనుంచి ఎవరో, "మేడం! మీరీడుండారా!" అని కేకేశారు. తిరిగి చూస్తే మా బడి ఆయమ్మ. మా అంతస్తులో గదులు తుడిచే మనిషి. రాజంపేట దగ్గర పల్లె. మొదట ఒక కువైటీ ఇంట్లో పని చేసి, వీసా ఇచ్చిన ఆ కఫీల్ వదిలిపెట్టాక, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం బడి పేరుకి మార్పించుకుని వచ్చింది. నవ్వితే ముఖమంతా నవ్వే మనిషి. ఆ నవ్వుతోనే నా కొంప ముంచింది.

"ఈయమ్మ మా బళ్లో లెక్కల మేడం. పిల్లోళ్లు ఈయమ్మను చూస్తే గజగజా వణుకుతారు" అంది ఆ ఇంకొకావిడతో, గొప్పగా.

ఆ ఇంకొకావిడ నా వంక ఎలా చూసిందో చెప్పను. ఆయమ్మ మాత్రం నన్ను పక్కకి లాగి ఫోన్ తీసింది.

"నేను అడగాలని శానా దినాల నుంచీ అనుకుంటాండా మేడం. మా పాప పదో తరగతి. అవ్వ కాడ ఉంటాది. సదువుతాందో లేదో నాకెట్లా తెలుస్తాది? ఒగసారి మీరు భయం చెప్పండి."

కాదనడానికి మొహమాటం. రోజూ నా బల్ల తుడిచే మనిషి. సరే అన్నాను. వీడియోలో ఒక సన్నటి పిల్ల, రెండు జడలు, వెనక నీలం రంగు గోడ. నేను పదో తరగతి ఎంత ముఖ్యమో, అమ్మ ఎంత కష్టపడుతోందో, మామూలు పాఠం అంతా అప్పజెప్పాను. పిల్ల తల వంచుకుని "సరే మేడం", "సరే మేడం" అంటోంది. నేను చెప్తున్నంతసేపూ ఆయమ్మ నా భుజం మీద గడ్డం ఆన్చినంత దగ్గరగా నిలబడి తెరలోకి చూస్తూ ఉంది. ఆవిడ చేతుల దగ్గర ఫినాయిలు వాసన. నేను సరిగ్గా తిడుతున్నానో లేదో చూస్తోందనుకుని నాకు చిరాకేసింది.

"ఇంగ కొంచెంసేపు చెప్పండి మేడం" అంది నేను ఆపబోతుంటే.

చక్రవడ్డీ గురించి కూడా అడిగాను ఆ పిల్లని. చెప్పింది, తప్పు లేకుండా.

ఇక ఆయమ్మ నన్ను వదల్లేదు. వారానికి ఒకసారైనా, బడి అయ్యాక, నేను పేపర్లు దిద్దుకుంటుంటే చీపురు గోడకి ఆనించి వచ్చేది. "ఒగ రోంత సేపు మేడం." నేను ఫోన్ తీసుకుని, పాఠం మార్చి, అదే భయం చెప్పేదాన్ని. ఒక్కోసారి నాకు నా మాటలు వేరే ఎవరివో అన్నట్టు వినపడేవి. ఆ పిల్ల "సరే మేడం" అంటుంటే మా అమ్మాయి గొంతులాగా ఉందనిపించి ఉలిక్కిపడ్డాను ఒకసారి.

కొన్నాళ్లకి ఆయమ్మ రావడం మానేసింది. బల్ల తుడిచేది, తలెత్తేది కాదు. నవ్వు లేదు. నాకు హాయిగానే ఉంది మొదట. ఆ తర్వాత ఉండబట్టలేక అడిగాను.

"నా బిడ్డ ఫోన్ ఎత్తడంల్యా మేడం" అంది. అలా అంటూ బల్ల తుడవడం ఆపలేదు. అప్పటికే తుడిచిన చోటునే తుడుస్తోంది. "రింగు పోతాది. ఎత్తదు. అవ్వకు చేస్తే, బాగుంది, సదువుకుంటాంది అంటాది. మళ్లీ చేస్తే ఎత్తదు. నామీద ఏం కోపమో. రొండేండ్లకు ఒగసారి పోతా నేను. ఆ ఫోన్ కూడా లేకపోతే ఇంగ నేను ఏం జూసుకోని బతకల్ల?" అని, గుడ్డ బకెట్లో వేసి, "మీ ఫోన్ నుంచి చేసి గట్టిగా భయం చెప్పండి మేడం. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తల్ల అని చెప్పండి" అంది.

ఆమె గదిలోంచి వెళ్లాక నా ఫోన్ నుంచి చేశాను. పాత ఫోను, మధ్యాహ్నానికే చార్జింగు సగం దిగిపోతుంది. రెండో రింగుకే ఎత్తింది పిల్ల.

"మా యమ్మకు ఏమన్నా అయిందా మేడం?" అంది ముందే, ఆదరాబాదరాగా.

ఏమీ కాలేదన్నాను. ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది నాకు. మరి అంత ప్రేమ ఉన్నదానివి ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగాను. ఎక్కడో తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత గబగబా చెప్పేసింది.

"మా యమ్మ ఎప్పుడు చేసినా పక్కన ఎవురో ఒగరు ఉంటారు మేడం. ముందు ఆ కువైటీ మామా వాళ్లింట్లో పనికి ఉన్నెప్పుడు ఎవురో నర్సంట, ఆమె మాట్లాడేది. తర్వాత ఎవురో సారంట. ఇప్పుడు మీరు. అందురూ సదువుకో సదువుకో అంటారు. నేను సదువుతానే ఉండా మేడం. క్లాసులో నాదే రొండో ర్యాంకు. మా యమ్మకు నాతో మాట్లాడేది ఇష్టంల్యాకనే మనుషుల్ని తెచ్చి పెడతాంది."

క్లాసులో నా మౌనం ఒక ఆయుధం. ఇది అది కాదు. ఏం చెప్పాలో తెలియని మౌనం. "సరేనమ్మా" అని పెట్టేశాను. ఆ రోజు ఇంటి కింద కారులో చాలాసేపు కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఎంతమంది తల్లులు నా చేతికి ఫోన్ ఇచ్చారు, నేను ఎంతమంది పిల్లల దగ్గర వాళ్ల అమ్మ సమయం మింగేశాను అని లెక్క వేసుకుంటూ.

మర్నాడు ఆయమ్మని కూర్చోబెట్టి చెప్పాను. కూర్చోబెట్టడానికే పెద్ద రామాయణం అయింది, టీచర్ కుర్చీలో కూర్చోనంటుంది. చివరికి అంచున ఆనుకుంది.

"నేను భయం చెప్పను" అన్నాను. "నీ కూతురు బంగారంలాగా చదువుకుంటోంది. దానికి టీచర్లు అక్కర్లేదు ఆయమ్మా, నువ్వు కావాలి. నువ్వే మాట్లాడు. మధ్యలో మమ్మల్ని ఎందుకు తెచ్చావు?"

మెచ్చుకుంటే సిగ్గుపడుతుందనుకున్నాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. ఎప్పుడూ చూడని కోపం.

"నేను మాట్లాడనా మేడం? నేను చేస్తే ఏమైతాదో మీకు తెల్సా? తిన్న్యావా అంటా. తిన్న్యా అంటాది. అవ్వ బాగుందా అంటా. బాగుంది అంటాది. అంతే, ఖలాస్. ఇంగ నాకు ఏం అడగల్లో తెలీదు. నాకు సదువు రాదు. ఈడ ఏం జరిగిందో చెప్దామంటే ఏముంది, గదులు తుడిచినా, బాత్రూములు కడిగినా. అది ఊ అంటాది. సరేమా, ఉంటా అని పెట్టేస్తాది. తెర నల్లగా అయిపోతాది."

కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మీరు మాట్లాడితే పెట్టేయదు గదా. పెద్ద మేడం, భయం. మీరు తిడతాంటే తల వంచుకోని కూచుంటాది. అంతసేపూ నేను పక్కనుంచి చూసుకుంటాంటి. జడలు ఎట్లేసుకునింది, చెంప మీద పొక్కులు తగ్గినాయా, గౌను పొట్టిదైందా, మెడలో పూసలదండ ఉందా తెగిపోయిందా అని. మీరు ఎంతసేపు తిడితే నాకు అంతసేపు నా బిడ్డ కనపడతాది. సదువు గురించి కాదు మేడం."

ఆ మాట అయ్యాక నేను అద్దాలు తీశాను. ఈసారి భయపెట్టడానికి కాదు, కళ్లు తుడుచుకోవడానికి. ఆయమ్మ మాత్రం ఠక్కున లేచి నిలబడింది, తప్పుగా మాట్లాడానేమో అని.

తల్లి కూతురి ముఖం చూసుకోవడానికి టీచర్ని తెస్తోంది. కూతురు ఆ టీచర్ని చూసి తల్లికి తనంటే ఇష్టం లేదనుకుంటోంది. మధ్యలో నేను, చక్రవడ్డీ అడుగుతూ. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక నా మీదే తెచ్చుకున్నాను. తర్వాత కోపం పక్కనపెట్టి, ఇన్నేళ్లుగా నేర్చిన విద్య ఒక్కసారి పనికొచ్చేలా వాడదామనుకున్నాను.

గురువారం బడి వదిలాక స్టాఫ్‌రూములో ఎవరూ లేరు. బయట దుమ్ము లేచి కిటికీలు పసుపుపచ్చగా ఉన్నాయి. రాజంపేటలో అప్పటికి సాయంత్రం నాలుగున్నర, పిల్ల బడినుంచి వచ్చే వేళ. నా ఫోన్లో వీడియో పెట్టాను. ఎత్తింది, యూనిఫారం కూడా విప్పలేదింకా. నేను ఏమీ మాట్లాడకుండా అద్దాలు తీసి, మడిచి, తెరకి కనపడేలా బల్ల మీద పెట్టాను. పిల్ల నిటారుగా కూర్చుంది. రాజంపేట దాకా పనిచేసిందన్నమాట.

"నేను ఇక్కడ పేపర్లు దిద్దుకుంటుంటాను. నేను చెప్పేదాకా ఫోన్ పెట్టెయ్యకూడదు. పెట్టేస్తే ఊరుకోను" అన్నాను.

"ఏం మాట్లాడల్ల మేడం?"

"నాతో కాదు. మీ అమ్మతో. ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. పెట్టెయ్యకూడదు, అంతే."

ఫోన్‌ని మంచినీళ్ల సీసాకి ఆనించి ఆయమ్మ ముందు పెట్టాను. ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని, నా కుర్చీలో, ఈసారి పూర్తిగా కూర్చుంది. నేను గది ఆ చివర పేపర్ల కట్ట విప్పాను.

"తిన్న్యావా?" అంది ఆయమ్మ.

"తిన్న్యా."

"అవ్వ బాగుందా?"

"బాగుంది."

ఇక్కడ ఖలాస్ అవ్వాలి మామూలుగా. అవ్వలేదు, నేనున్నాను కాబట్టి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. నేను ఎర్ర పెన్నుతో ఒకే లెక్కని మళ్లీ మళ్లీ దిద్దుతున్నాను. అంత కష్టమైన మౌనం నేను ఏ క్లాసులోనూ భరించలేదు. లేచి ఏదో ఒక మాట అందిద్దామా అని నాలుక దాకా వచ్చింది, టీచరు బుద్ధి. పళ్లు బిగబట్టుకున్నాను.

చాలాసేపటికి పిల్ల అంది. "ఏంమా, ఆ రెప్ప మీద ఏంది, ఎర్రగా?"

"ఏంల్యా. ఫినాయిలు తుంపర పడింది."

"కడుక్కున్యావా?"

"కడుక్కున్యా."

"సబ్బుతో కాదు, ఉత్త నీళ్లతో కడగల్ల. మా సైన్సు సార్ చెప్పినాడు." పిల్ల తెరకి దగ్గరగా వచ్చింది. "ఏదీ, దగ్గరికి రా. ఇంగా దగ్గరికి. దీపం పక్కకు తిరుగు."

ఆయమ్మ ముఖం ఫోన్‌కి ఆన్చినంత దగ్గరగా పెట్టి, చిన్నపిల్లలాగా కన్ను తెరిచి చూపించింది. తల్లికి కూతురు భయం చెబుతోంది. రోజూ నీళ్లతో కడగమని, చేతులకి తొడుగులు వేసుకోమని, వేసుకోకపోతే ఫోన్ ఎత్తనని. ఆయమ్మ "సరేమా", "సరేమా" అంటూ నవ్వుతోంది. తర్వాత పిల్ల గొంతు తగ్గించి అడిగింది.

"ఆ మేడం ఉందా, పోయిందా?"

ఆయమ్మ నా వంక చూసింది. నేను పేపర్ల కట్ట చంకన పెట్టుకుని, చెప్పులు చప్పుడు కాకుండా బయటికి నడిచాను. తలుపు దగ్గర ఉండగా ఆయమ్మ "పోయింది" అనడం వినపడింది. భయం లేదు కాబట్టి ఇక పిల్ల పెట్టేస్తుందేమో అనుకుంటూనే వరండా దాటాను. అద్దాలు కూడా అక్కడే బల్ల మీద మర్చిపోయాను. వెనక్కి వెళ్లలేదు.

కారు దగ్గర మా అమ్మాయి ఎదురుచూస్తోంది. దుమ్ముకి దుపట్టా ముక్కుకి చుట్టుకుని. ఇద్దరం లోపల కూర్చున్నాం. వెళ్దామా అంది. ఫోన్ లోపల ఉండిపోయింది, వచ్చేదాకా ఆగాలన్నాను. ఎవరి దగ్గర అంటే, చెప్పాను మొత్తం. అద్దాలు లేక ఎదుటి గోడ మసగ్గా కనిపిస్తోంది. మా అమ్మాయి ముక్కుకి చుట్టుకున్న దుపట్టా విప్పింది.

"నువ్వు రోజూ మనింటి కింద కారులో కూర్చుంటావు కదా" అంది ఉన్నట్టుండి. "నేను బాల్కనీలోంచి చూస్తుంటాను. ఫోన్ కూడా చూడవు. ఊరికే కూర్చుంటావు. ఒకసారి కిందకొచ్చి నీ పక్కన కూర్చుందామనుకున్నాను. చదువుకోకుండా ఎందుకొచ్చావంటావేమోనని రాలేదు."

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. "రావాల్సింది" అన్నాను. "ఏమీ అనకపోదును."

"అంటావు" అంది నవ్వి. "నువ్వు కదా."

నేనూ నవ్వాను. అది సీటు వెనక్కి వాల్చి కాళ్లు పైకి పెట్టుకుంది. మామూలుగా అయితే కాళ్లు దించమంటాను. అనలేదు. దుమ్ములో బస్సులు ఒక్కొక్కటే కదిలిపోయాయి. వాచ్‌మన్ గేటు ఒక రెక్క మూసి మా వంక చూశాడు. ఆ పిల్ల ఎప్పుడు పెట్టేసి ఉంటుందో, ఆయమ్మ ఒక్కత్తే నల్ల తెర ముందు కూర్చుని ఉందేమో అని నాకు లోపల పీకుతూనే ఉంది. వెళ్లి చూడాలని రెండుసార్లు తలుపు మీద చెయ్యి వేశాను. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండమ్మా" అంది.

చివరికి ఆయమ్మ మెట్లు దిగి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. ఒక చేతిలో నా కళ్లద్దాలు, ఒక చేతిలో నా ఫోన్. ఫోన్ తెర నల్లగా ఉంది. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది. కారు అద్దం దించాను.

"పెట్టేసిందా?" అన్నాను.

ఆయమ్మ ఆయాసపడుతూ తల అడ్డంగా ఊపింది. ఒక కన్ను ఎర్రగా ఉంది, రెండోది కూడా.

"లేదు మేడం. అది పెట్టేయలా. మీ ఫోన్లో చార్జింగే అయిపోయింది."